అరుగు మీదకి మోసిన మాట

ఒడిశాలో రాయగడ దగ్గర ఉన్న గుడారిలో, మా తెలుగువాళ్ళ ఇళ్ళల్లో ఒక మాట ఉండేది. పెద్దవాడెవడైనా ఆడపిల్ల మంచికి అడ్డం పడితే "రాయగడ పండితుడిలా సేసేడు" అనేవారు. ఆ మాట పుట్టించింది మా చెల్లెలు. ఆ పండితుడు ఏ పాపమూ ఎరగడని చెప్పడానికి ఇది రాస్తున్నాను. పూర్తిగా ఎరగడని కూడా అనలేను, ఆ సంగతి తర్వాత వస్తుంది. ముందు నా సంగతి.

మా నాన్న పార్వతీపురం వైపు నుంచి గుడారి రైసు మిల్లుకి ఫిట్టరుగా వచ్చి అక్కడే ఉండిపోయాడు. నేనూ చెల్లెలూ ఒడియా బడిలో చదువుకున్నాం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, సంతలో కొండ ఊళ్ళవాళ్ళు మాట్లాడే దేశియా. తెలుగు రాయడం, చదవడం నాన్న నాకు నేర్పాడు. చెల్లెలికి నేర్పలేదు. ఆడపిల్లకి ఎందుకులే అనుకున్నాడో, మిల్లు నుంచి వచ్చేసరికి ఓపిక ఉండేది కాదో తెలియదు. అమ్మకి రెండు భాషల్లోనూ అక్షరం రాదు. ఒడియా అయితే కూరగాయల బేరం వరకు వచ్చు.

మా ప్రాంతంలో మలేరియా రాని మనిషి ఉండడు. చెల్లెలు ప్లస్ టూ చదివే రోజుల్లో దానికీ వచ్చింది. గుడారి ఆసుపత్రిలో రక్తం తీసిన ల్యాబ్ ఆయన, వెంటపడి అడిగిందని, దాని రక్తాన్నే, అందులోని మలేరియా క్రిమిని మైక్రోస్కోపులో చూపించాడు. జ్వరంతో ఒళ్ళు కాలిపోతూ ఇంటికొచ్చి మంచం మీద కూర్చుని చేతులు తిప్పుతూ చెప్పింది.

"ఉంగరం అన్నయ్యా. ఎర్రటి బిళ్ళలో సిన్న ఉంగరం. దానికి రాయి కూడా ఉంది."

"నీ పెళ్ళికి సేయించీమని సెప్పేవా ఆయన్ని?" అన్నాను.

"నవ్వకు. నేను అదే నేర్చుకుంటాను."

నేర్చుకునే దారి కూడా అదే వెతుక్కుంది. విశాఖపట్నంలో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సులో సీటు తెచ్చుకుంది. అదే వేసవిలో నాకు కోరాపుట్ దగ్గర ఒక ఫ్యాక్టరీలో అప్రెంటిస్‌గా పిలుపు వచ్చింది. ఎలక్ట్రికల్ పని. అప్రెంటిస్ అయితే పర్మనెంట్ అవుతుందని అందరూ అన్నారు. ఇంట్లో రెండు ట్రంకు పెట్టెలు ఎండలో పెట్టాం. అమ్మ రెండింటికీ కర్పూరం బిళ్ళలు వేసింది.

ఆషాఢంలో నాన్నకి పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. అమ్మకి ఉబ్బసం, నాన్నని మంచం మీద పక్కకి తిప్పేసరికే గోడ పట్టుకుని నిలబడిపోయేది. ఎవరో ఒకరు ఇంట్లో ఉండాలి. ఇద్దరిలో ఒకరు. ఈ మాట ఎవరమూ పైకి అనలేదు గానీ, చెల్లెలూ నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మానేశాం. అన్నం దగ్గర కూడా నాన్న పళ్ళెం వైపే చూసేవాళ్ళం.

అమ్మ ఒక ఉదయం అంది. "మనలో మనం అనుకుంటే మాటా మాటా వస్తాది. రాయగడ పండితుణ్ణి అడుగుదాం. ఆయనేటంటే అదే."

అప్పుడు అది మూఢనమ్మకం అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఇద్దరు పిల్లల్లో ఒకర్ని ఆపాలి, ఆ ఆపే చెయ్యి తనది కాకూడదు. ఏ తల్లయినా అంతే. జాతకాలు చూపించుకోవడానికి వెళ్ళేవాళ్ళలో సగం మంది భవిష్యత్తు తెలుసుకోవడానికి వెళ్ళరు. నిర్ణయం తమ మీద పడకుండా చూసుకోవడానికి వెళ్తారు.

నాన్న దగ్గర పక్కింటి ఆవిణ్ణి ఉంచి ముగ్గురం రాయగడ బస్సెక్కాం. వాన. పండితుడి ఇల్లు స్టేషను వెనక సందులో ఉండేది, ముందు రేకుల అరుగు, లోపల మట్టి గోడల గది. ఒడియా బ్రాహ్మడు. ఆయన నోట తెలుగు మాట విన్నవాడు లేడు. తెలుగువాళ్ళు వెళ్తే ఒడియా వచ్చిన మనిషిని వెంట తీసుకెళ్ళాలి. ఆ ఇంటికి ఇంకో పద్ధతి ఉండేది. ఆడవాళ్ళు అరుగు మీదే కూర్చోవాలి. వాళ్ళు అడగాల్సింది ఇంటి మగవాడు లోపలికి మోసుకెళ్ళి అడిగి, జవాబు బయటికి మోసుకొచ్చి చెప్పాలి.

అమ్మా చెల్లెలూ అరుగు మీద కూర్చున్నారు. రేకుల మీద వాన దబదబా కొడుతోంది. జాతకాలు రెండూ పట్టుకుని నేను లోపలికెళ్ళాను.

పండితుడు తమలపాకు నములుతూ చాలాసేపు చూశాడు. ఆయన చెప్పింది ఇప్పటికీ నాకు గుర్తుంది, ఎందుకంటే ఆ తర్వాత దాన్ని మరిచిపోవాలని ఎంతో ప్రయత్నించాను. అమ్మాయికి గురు దశ మొదలైంది, ఇప్పుడు ఇల్లు దాటితే బాగుపడుతుంది, దాటకపోతే ఆ దశ ఇంట్లోనే ఖర్చయిపోతుంది. అబ్బాయికి శని నడుస్తోంది, ఎక్కడున్నా చాకిరీయే, ఉద్యోగం ఆలస్యమైనా వస్తుంది. తండ్రి సేవ కొడుకు చేస్తే ఆ శని కూడా మెత్తబడుతుంది. చివర్లో నోట్లో తాంబూలం పక్కకి తోసుకుని నాలుగు మాటలు అన్నాడు.

"ఝిఅ జాఉ. పుఅ రహు."

అమ్మాయి వెళ్ళనీ. అబ్బాయి ఉండనీ.

నేను లేవలేదు. ఆయన నా ముఖం చూసి ఇంకొంచెం చెప్పాడు. ఇది ఆజ్ఞ కాదన్నాడు. విల్లు విడిచిన బాణం ప్రారబ్ధం, దాన్ని వెనక్కి తేలేం. చేతిలో ఉన్న బాణం అలా కాదు, అది ఎటు వెయ్యాలన్నది మనిషి ఇష్టం. గ్రహం దారి చూపిస్తుంది, నడిచేది కాలు. బండికి దైవం ఒక చక్రం, మనిషి ప్రయత్నం ఒక చక్రం. ఇవన్నీ ఊళ్ళో ప్రతి పండితుడూ చెప్పేవే. వింటూ తలూపాను.

ఆ గదికీ అరుగుకీ మధ్య ఒక గడప ఉంది, అంతే. గడప దాటేటప్పుడు కూడా నేను ఏమీ అనుకోలేదు. ఆలోచించి అబద్ధం చెప్పేవాడికి కనీసం ఆలోచించిన కష్టం ఉంటుంది. అమ్మ తలెత్తి చూసింది. చెల్లెలు తడిసిన జడ పిండుకుంటోంది.

"అమ్మాయి ఉండాలంటున్నారు," అన్నాను. వానకి గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "అబ్బాయి ఎల్లాలంట."

చెల్లెలు జడ వదిలేసింది. "ఏటన్నాడన్నయ్యా? సరిగ్గా సెప్పు. ఎందుకుండాలంట?"

దాని కళ్ళల్లో పోట్లాట కనిపించింది. ఉత్త 'ఉండాలి' అంటే అది ఉండదు. ల్యాబ్ ఆయన వెంటపడి తన రక్తాన్ని తాను చూసిన పిల్ల అది.

"నువ్వు ఇల్లు దాటితే నాన్నకి గండమంట," అన్నాను.

ఆ మాట ఏ జాతకంలోనూ లేదు. మొదటిది తిరగేసిన మాట. ఇది నా సొంతం.

చెల్లెలు ఇంకేమీ అడగలేదు. అమ్మ లోపలి వైపు తిరిగి కనబడని పండితుడికి దణ్ణం పెట్టింది. దక్షిణ ఇవ్వడానికి నేను మళ్ళీ లోపలికెళ్ళాను. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. పండితులు అలాగే ఉంటారనుకున్నాను.

నేను కోరాపుట్ వెళ్ళిపోయాను. చెల్లెలు ట్రంకు పెట్టెలో బట్టలు తీసి దండెం మీద వేసి, అందులో నాన్న పాత పంచెలు, పక్కబట్టలు పెట్టుకుంది.

నాన్న వెంటనే పోలేదు. ఏళ్ళ తరబడి బతికాడు. అదే నా అబద్ధానికి బలం. పండగకి ఇంటికెళ్ళినప్పుడల్లా అమ్మ అనేది. "ఆ పండితుడు దేవుడు నాయినా. ఈ పిల్ల ఎల్లుంటే మీ నాన్న దక్కునా?" నాన్న తాగిన ప్రతి గ్లాసు జావా నా మాట నిజమని సాక్ష్యం చెప్పేది. చెల్లెలు దానికి ఏం బదులు చెప్పగలదు? తండ్రి కళ్ళెదురుగా బతికి ఉంటే, బతికి ఉండడం తప్పని ఎలా అంటుంది? తిట్టుకోవడానికి పండితుడొక్కడే మిగిలాడు. సంతలో, బావి దగ్గర, ఎవరింట్లో జాతకం మాట వచ్చినా అక్కడ మొదలుపెట్టేది. "ఆ ముసలోడి దగ్గరికి మాత్రం ఎల్లకండి. ఆడపిల్ల కనబడితే కాళ్ళిరగ్గొడతాడు." గుడారి తెలుగువాళ్ళు ఆయన దగ్గరికి వెళ్ళడం తగ్గించి, తర్వాత మానేశారు.

నాన్న పోయేసరికి కోర్సుకి దాని వయసు దాటిపోయింది. ఊళ్ళోనే భార్య పోయిన ఒక మిల్లు గుమాస్తాని చేసుకుంది. మంచివాడు. ఆ తర్వాత ఆశా కార్యకర్త అయింది. ఇప్పటికీ అదే పని. చుట్టుపక్కల ఊళ్ళు తిరిగి జ్వరం ఉన్నవాళ్ళ వేలు పొడిచి, గాజు పలక మీద రక్తం చుక్క రుద్ది, ఆరబెట్టి, ఆసుపత్రికి మోసుకెళ్తుంది. చూసేది వేరేవాళ్ళు. ఒకసారి నేను అక్కడ ఉండగా ఇరవై ఏళ్ళు దాటని ల్యాబ్ కుర్రాడు ఆ పలకలు తీసుకుని, పిన్నిని పిలిచినట్టు "మావుసీ, తరవాత రండి" అన్నాడు. బయట బెంచీ మీద కూర్చుని పల్లీలు తింటూ నాతో అంది. "ఉంగరం ఉందో లేదో ఆడు సెప్తాడు. నేను మోస్తాను." నవ్వుతూనే అంది. దాని నవ్వు చూసి అది మరిచిపోయిందని అనుకున్నాను. అలా అనుకుంటే నాకు బాగుండేది మరి.

ఇక నా బాగు సంగతి. ఉద్యోగం పర్మనెంట్ అయింది. క్వార్టరు వచ్చింది. టౌన్‌షిప్ గుడిలో శనివారాలు భజన తర్వాత ఎవరో ఒకరు నాలుగు మంచి మాటలు చెప్పే అలవాటు ఉంది. కొన్నాళ్ళకి ఆ ఎవరో ఒకరు నేనయ్యాను. కర్మ సిద్ధాంతం నా ప్రత్యేకత. సంచితం, ప్రారబ్ధం, ఆగామి. ఎవరి బిడ్డ పోయినా, ఎవరికి ప్రమోషన్ రాకపోయినా నా దగ్గర విభూతి పొట్లంలా ఒక మాట సిద్ధంగా ఉండేది. ఆడవాళ్ళు కొంగుతో కళ్ళు తుడుచుకునేవారు. నేను ఇంటికెళ్ళి శుభ్రంగా భోంచేసేవాణ్ణి.

ఒకసారి రిటైరైన క్రేన్ ఆపరేటరు ఒకాయన, సాలూరు మనిషి, వెనక వరసలోంచి అడిగాడు. "మరి గురూగారూ, నా స్కూటరెత్తుకుపోయినోడున్నాడు. ఆడిది కూడా ప్రారబ్ధమేనేటి?"

"మీది. స్కూటరు పోవడం మీ ప్రారబ్ధం."

"నాది సరే. ఆడిదేటి? ఆడు ఎత్తుకుపోడం కూడా రాసుంటే పోలీసోడు ఆణ్ణెందుకు కొట్టాల? నన్నే కొట్టీమను, తొందరగా తీరిపోద్ది."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వి, దొంగ చేసింది ఆగామి, దాని ఫలం వాడికి మరో జన్మలో వస్తుందని సర్దేశాను. ఆయన ఊరుకోలేదు. "అయితే ఈ జన్మలో స్కూటరు ఆడిదే," అన్నాడు.

ఆ తర్వాత చాలా శనివారాలు ఆ మాట నా వెంట వచ్చింది. నా జీవితంలో బాగుపడ్డదంతా నా కృషి అని చెప్పుకున్నాను. చెల్లెలి జీవితంలో ఆగిపోయిందంతా దాని ప్రారబ్ధం అన్నాను. శాస్త్రంలో దైవం, పురుషకారం అని రెండుంటే, మొదటిది దానికిచ్చి రెండోది నేను ఉంచుకున్నాను.

పోయిన ఏడాది వానలు తగ్గాక చెల్లెలు ఫోన్ చేసింది.

"రాయగడ పండితుడు మంచాన పడ్డాడంట. బుధవారం మీటింగుకి రాయగడ ఎల్తన్నాను. ఆడింటికెల్లి అడిగేస్తాను."

"ఏమడుగుతావు?"

"ఎందుకలా సెప్పేవని. ముసలోడు సచ్చిపోయేలోగా ఆడి నోటితో ఇనాల."

"ఇప్పుడెందుకమ్మీ? పోనీ."

"నీకు పోతాది. నాకు పోదు."

చెల్లెలికి ఒడియా నాకంటే బాగా వచ్చు, మంచాన పడ్డవాడు అరుగు పద్ధతి పట్టించుకోడు. ఇప్పుడు మధ్యలో మోసేవాడు అక్కర్లేదు. మంగళవారం నేను సెలవు పెట్టి కోరాపుట్‌లో రైలెక్కాను. పశ్చాత్తాపంతో వెళ్ళానని ఇక్కడ రాసుకోవచ్చు, చదివేవాళ్ళకి బాగుంటుంది. నిజం అది కాదు. ముసలాయన నోరు మూయించడానికి వెళ్ళాను. సొరంగాల్లోంచి బండి పోతుంటే ఆయనతో ఏమనాలో ఒడియాలో కూర్చుకున్నాను. టికిరిలో ఫ్యాక్టరీ షిఫ్టు దిగిన కుర్రాళ్ళు ఎక్కి పేకాట మొదలుపెట్టారు. నేను కిటికీ వైపు తిరిగి పెదవులు కదుపుకుంటూ కూర్చున్నాను.

అరుగుకి రేకులు తీసేసి స్లాబు వేశారు. కోడలు తలుపు తీసి లోపలికి రమ్మంది. ఆయన కిటికీ పక్క మంచం మీద దిండుకి ఆనుకుని ఉన్నాడు. పాదాలు వాచి ఉన్నాయి. నేనెవరినో ఒడియాలో చెప్పడం మొదలుపెట్టాను. గుడారి, ఫిట్టరు కొడుకు, రెండు జాతకాలు.

ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"కూకో బావూ," అన్నాడు. "తెలుగులోనే సెప్పు."

"మీకు తెలుగు వచ్చా?"

"రాయగడలో పుట్టినోడికి తెలుగు రాదేటి? ఈ సందంతా మీవోళ్ళే. గోళీలాడింది మీవోళ్ళతోనే, తన్నులు తిన్నది మీవోళ్ళ సేతే. పండితుడయ్యేక మానేసేను. పండితుడు బజారు బాస మాటాడితే ఎవుడు లెక్కసేస్తాడు?"

"ఆ రోజు..."

"విన్నాను. రేకుల మీద వానకి నా మాట బయటికెల్లలేదు. నీ మాట లోపలికొచ్చింది. శానా గట్టిగా సెప్పేవు."

అడిగాను. "మరెందుకు ఊరుకున్నారు?"

"నేను సెప్పిందేటి? గ్రహం దారి సూపిస్తాది, నడిసేది మనిసి అని. సెప్పిన నిమిషంలో నువ్వు నడిసి సూపించేవు. నా శాస్త్రం నా ఎదురుగానే నిజమైంది. అడ్డం పడితే నా మాటకి నేనే ఎదురెల్లినట్టు కదా."

ఆ మాట నాకు బాగా తెలిసిన మాటలా అనిపించింది. శనివారం నేను చెప్పే మాటల వాసన ఉంది దాంట్లో.

"అది నిజమైన కారణం కాదు," అన్నాను.

ముసలాయన బోసినోటితో నవ్వాడు. "నువ్వు కూడా సెప్పేవోడివేనా? అందుకే పట్టుకున్నావు. నిజం సెప్పనా? ఎనక గుమ్మంలోంచి గుణుపూర్ పాత జమీందారు ఇంటి మనుసులొచ్చి ఎనక గదిలో కూకున్నారు. మీరు తొరగా ఎల్లిపోతే బాగుణ్ణనిపించింది. మీ ఇంటి రగడ నాకెందుకనుకున్నాను. అంతే."

"తర్వాతైనా?"

"తరవాత బాధపడ్డాను అంటే అబద్ధం. ఆ పిల్ల నన్ను తిడతందని తెలిసినప్పుడు మాత్రం కోపమొచ్చింది. సెప్పీద్దామనుకున్నాను. సెప్తే, ఇన్నాళ్ళూ తెలుగు రానట్టు ఏసం ఏసేడని నన్నే నవ్వుతారు." పాదాల వైపు చూసుకున్నాడు. "పరువు."

ఇద్దరం అక్కడ కూర్చుని ఉన్నాం. ఒకడు మాట మార్చినవాడు, ఒకడు విని ఊరుకున్నవాడు. మాలో ఒక్కడు మామూలు మనిషి అయినా మా చెల్లెలు విశాఖపట్నం బస్సెక్కేది.

"రేపు అది వస్తుంది," అన్నాను.

"రానీ. ఏటి సెప్పమంటావు?"

రైల్లో కూర్చుకున్న మాటలన్నీ ఒడియాలో ఉన్నాయి, ఒక్కటీ నాలుక మీదకి రాలేదు. ఆయన తొందరపెట్టలేదు. ఈసారి లోపల వేరే బేరం లేదు, బయట వాన లేదు, ఉద్యోగం పోతుందన్న భయమూ లేదు. అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. నన్ను అటో ఇటో నెట్టేదేదీ ఆ గదిలో లేదు. ఇంతకంటే స్వేచ్ఛగా మనిషి ఎప్పుడూ ఉండడు.

"ఆ రోజు చెప్పిందే చెప్పండి," అన్నాను.

"నేను సెప్పిందా, నువ్వు సెప్పిందా?"

"నేను చెప్పింది."

ఆయన కళ్ళు మూసుకున్నాడు. పండితులు అలా ఎందుకు కళ్ళు మూసుకుంటారో అప్పుడు అర్థమైంది.

బుధవారం చెల్లెలు వచ్చేసరికి నేను అరుగు మీద నిలబడి ఉన్నాను.

"నువ్వేటి ఇక్కడ?"

"ఒక్కదానివీ ఎందుకని వచ్చాను."

"ఎన్నాళ్ళకి బుద్ధొచ్చిందన్నయ్యా," అంటూ గొడుగు నా చేతికిచ్చింది. అరుగు మీద ఒక్క క్షణం ఆగి చూసింది. "ఇక్కడే కదూ కూకున్నాం. అమ్మ సీర తడిసిపోయింది." తర్వాత ఎవరూ పిలవకుండానే గడప దాటి లోపలికెళ్ళింది.

మంచం ఎదురుగా నిలబడి ఒడియాలో అడిగింది. తానెవరో చెప్పింది. ఆ రోజు మీరేం చెప్పారు, మీ నోటితో చెప్పండి అంది. గొంతు పెంచలేదు. నేను గుమ్మంలో ఉన్నాను.

ముసలాయన నా వైపు చూడలేదు. "నిన్ను ఉండమన్నాను," అన్నాడు ఒడియాలో. "తప్పు చెప్పాను."

"నాన్నకి గండం అన్నది?"

"అదీ నేనే."

"అది కూడా తప్పేనా?"

"అదీ తప్పే. సరిగ్గా చూడలేదు. లోపల వేరేవాళ్ళు కూర్చున్నారు, తొందరలో ఉన్నాను."

అంటే అబద్ధంలో కూడా తనకు చెందిన నిజాన్ని ఆయన కలుపుకున్నాడు. నేను ఆ పాటి కూడా చేయలేదు.

చెల్లెలు మంచం పక్క పీట మీద కూలబడింది. ఏడవలేదు. నేల వైపు చూస్తూ అంది. "ఇన్నేళ్ళూ మిమ్మల్ని తిట్టాను."

"తగిలాయి," అన్నాడాయన.

దానికి నవ్వొచ్చింది. ఆ నవ్వుతోపాటు ఇంకేదో కూడా బయటికొచ్చి ముఖమంతా మారిపోయింది. చెయ్యి చాచి ఆయన పాదం మీద బొటనవేలితో నొక్కి చూసింది. నొక్కిన చోట గుంట అలాగే ఉండిపోయింది. కోడలి వైపు తిరిగి ఉప్పు తగ్గించమనీ, ఆసుపత్రికి తీసుకెళ్ళమనీ, ఎవర్ని అడగాలో కూడా చెప్పింది. లేచి వెళ్ళేముందు అదే పాదాన్ని తాకి కళ్ళకద్దుకుంది. "పోనీలెండి. పొరపాటు ఎవరికైనా వస్తుంది," అంది.

నేను దాని గొడుగు పట్టుకుని నిలబడ్డాను. మన్నింపు నా ముందునుంచే పక్క మనిషి ఇంటికి నడుచుకుంటూ వెళ్ళింది.

బస్టాండులో జిలేబీ కొంది. పొట్లం విప్పుతూ మాట్లాడుతూనే ఉంది.

"మనసు తేలికైపోయిందన్నయ్యా. రాత రాత అని అమ్మ సచ్చేదాకా అంది. రాతైతే ఎవుల్ని తిట్టేది, ఎవుల్ని మన్నించేది? మనిసి సేసిన తప్పని తెలిస్తే పట్టుకోడానికి ఏదో ఒకటి ఉంటాది. తిను."

"షుగరుంది."

"ఒక్కదానికేటీ అవ్వదు. తోడొచ్చేవు, లేకపోతే నాకు ధైర్యం సాలును కాదు. తిను."

తిన్నాను.

అది ఇన్నేళ్ళూ వెతికింది ఒక మనిషిని. రాత కాదు, గ్రహం కాదు, చెయ్యి ఉన్న మనిషిని. దానికి నేను దొరకకుండా ఇంకొకణ్ణి చూపించి పంపేశాను.

చలికాలంలో పండితుడు పోయాడు. గుడారిలో చెల్లెలు ఆయన ఒప్పుకున్న సంగతి ఇంటింటికీ చెప్పింది. ఇప్పుడు ఆ మాట వాడుక మారిపోయింది. తప్పు చేసినవాడు నిజం చెప్పేస్తే "రాయగడ పండితుడిలా ఒప్పేసుకున్నాడు" అంటున్నారు. ఆయన విని ఊరుకున్నాడు, నిజమే. మాట మార్చింది మాత్రం నేను. ఆయన చెప్పింది "ఝిఅ జాఉ".

శనివారాలు గుడికి వెళ్ళడం మానేశాను. మనిషికి స్వేచ్ఛ ఉందా లేదా అని ఎవరైనా అడిగితే ఉందనే చెబుతాను. రుజువు కావాలంటే నేనే. రెండుసార్లు చేతిలో బాణం పెట్టి అడిగారు, రెండుసార్లూ నా ఇష్టప్రకారమే వేశాను. మొదటిసారి కుర్రతనం, భయం అని చెప్పుకోవడానికి ఉంది. రెండోసారికి అదీ లేదు.

చెల్లెలికి తెలుగు చదవడం రాదు. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఆ సంగతి నాకు ధైర్యం ఇచ్చిందని ఒప్పుకోవాలి. తర్వాత అదే భయమైంది. ఇది దానికి తెలియాలంటే నేనే చదివి వినిపించాలి. మళ్ళీ గడపకి ఇటు కాయితం, అటు చెల్లెలు, మధ్యలో నేను. ఏ వాక్యం దగ్గర నా గొంతు దారి మార్చుకుంటుందో నాకు తెలుసు.

అందుకే ముందు అచ్చుకి ఇస్తున్నాను. గుడారిలో తెలుగు చదివే పెద్దవాళ్ళు ఇంకా కొందరున్నారు. నేను దాటేసిన వాక్యాన్ని వాళ్ళలో ఎవరో ఒకరు బావి దగ్గరో సంతలోనో దానికి చెప్పకుండా ఉండరు. నన్ను నేను నమ్మలేక, మూడోసారి నా ఇష్టం నా చేతిలో లేకుండా చేసుకుంటున్నాను. అచ్చయిన రోజు గుడారి వెళ్తాను. అది చేతులు తుడుచుకుంటూ వచ్చి "ఏటి రాసేవన్నయ్యా, సదువు" అంటుంది. పీట వేసి ఎదురుగా కూర్చుంటుంది.

మొదటి వాక్యం నుంచి చదువుతాను.